పెయిడ్ పోస్టు: వచ్చిపోయే రూల్ ఏది, నిలిచిపోయే రూల్ ఏది?

‘మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?’

తెలుగు ప్రకటనల్లో ఇది బాగా నలిగిన ఎత్తుగడ. గోడ రాతల్లో, కరపత్రాల్లో, రేడియోలో, బస్సు వెనక అంటించిన పోస్టర్లలో ఈ ప్రశ్న దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. ఇదే వాక్యాన్ని ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో డబ్బు కట్టి బూస్ట్ చేయబోతే, అంటే ఎక్కువమందికి చేరేలా ప్రచారం చేయబోతే, యాడ్ రిజెక్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. ప్రకటన ఇచ్చినవారికి కారణం అంతుపట్టదు. నొప్పి అబద్ధం కాదు, క్లినిక్ అబద్ధం కాదు, డాక్టరు అబద్ధం కాదు. అభ్యంతరమల్లా ఆ ప్రశ్నలో దాగిన ‘మీరు’ మీదనే.

చూసేవారి ఆరోగ్యం, మతం, ఆర్థిక స్థితి, శరీరం వంటి సొంత విషయాలు తనకు తెలిసినట్టు ప్రకటన మాట్లాడకూడదని, ఈ రెండు వేదికలనూ నడిపే సంస్థ మెటా నిబంధన చెబుతుంది. గోడ మీది ప్రశ్న దారిన పోయే అందరినీ అడుగుతుంది. ఫోన్‌లో కనిపించే ప్రశ్న అలా కాదు. ఎంపిక చేసిన కొందరికే అది చేరుతుందని చూసేవారికి తెలుసు. ‘మీకు షుగర్ ఉందా?’ అని తెర అడిగితే, ‘నాకు షుగరని వీళ్లకెలా తెలిసింది?’ అన్న భయం వెంటనే పుడుతుంది. వాక్యంలో ఒక్క అక్షరం తేడా లేకపోయినా, కాగితం నుంచి ఫోన్‌కు వచ్చేసరికి దాని అర్థమే మారిపోయింది.

దిద్దుబాటు కష్టం కాదు. ‘మోకాళ్ల నొప్పులపై ఆదివారం ఉచిత శిబిరం, ఉదయం 9 నుంచి 1 గంట వరకు’ అని రాస్తే విషయం అంతా వచ్చింది, ఎవరి ఒంటినీ వేలెత్తి చూపలేదు. తెలుగులో ఇది ఇంకా తేలిక. కర్తను వదిలేసి, పని గురించి మాత్రమే చెప్పే వాక్యం మన భాషకు కొత్త కాదు.

చాలామంది ఇలా చేయరు. రిజెక్ట్ అయిన మాటను ‘షు.గర్’ అని విరగ్గొట్టో, మధ్యలో స్టార్ గుర్తులు దూర్చో మళ్లీ పంపుతారు. యాడ్ తనిఖీ చాలావరకు యంత్రమే చేస్తుంది కాబట్టి దాన్ని మభ్యపెడితే సరిపోతుందన్న ఆలోచన ఇది. ఇక్కడే చిన్న తప్పు పెద్దదవుతుంది. తనిఖీని తప్పించుకునే ప్రయత్నాన్ని మెటా విడిగా, మరింత తీవ్రమైన ఉల్లంఘనగా లెక్కిస్తుంది. మొదటి తప్పుకు ఒక యాడ్ పోతే, దీనికి యాడ్ అకౌంటే పోవచ్చు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న ఆడియన్స్ వివరాలు, పాత యాడ్ల లెక్కలు కూడా దాంతోపాటే పోతాయి.

రూల్స్ రోజుకోలా మారుతున్నాయని పెయిడ్ పోస్టులు పెట్టేవారంతా విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం ఉంది. అయితే మారే రూల్స్ అన్నీ ఒక జాతివి కావు. కొన్ని వేదిక అభిరుచిని బట్టి వస్తాయి, పోతాయి. కొన్ని ఎవరికో జరిగిన నష్టం నుంచో, కోర్టు కేసు నుంచో, చట్టం నుంచో పుడతాయి. ఈ రెండో రకం వెనక్కి పోవడం అరుదు, సాధారణంగా బిగుసుకుంటూనే ఉంటుంది. ఏది ఏ రకమో పోల్చుకోగలిగితే, పోస్టును ఎంత మార్చాలో తేలిపోతుంది.

అభిరుచి రూల్‌కు మంచి ఉదాహరణ ఫేస్‌బుక్ 20 శాతం నిబంధన. యాడ్ బొమ్మలో అక్షరాలు ఐదో వంతు మించితే ఒకప్పుడు యాడ్‌ను ఆపేసేవారు. బొమ్మ మీద గళ్లు గీసి లెక్కపెట్టే సాధనం కూడా ఉండేది. 2016లో దాన్ని సడలించి, అక్షరాలు ఎక్కువైతే రీచ్, అంటే యాడ్ చేరే జనం సంఖ్య, తగ్గించే పద్ధతి పెట్టారు. 2020 సెప్టెంబరులో అదీ తీసేశారు. తెలుగు ప్రకటనలకు ఈ రూల్ ప్రత్యేకంగా బరువైంది. పైన గుడి, కింద ఒత్తు ఉన్న లిపి చదవగలిగేలా కనిపించాలంటే చోటు ఎక్కువే కావాలి. గళ్ల లెక్కకు ఆ సంగతి పట్టదు.

ఎక్స్ (పాత ట్విటర్) సంగతీ అలాంటిదే. 2025 జూన్ నెలాఖరున యాడ్లలో హ్యాష్‌ట్యాగులను నిషేధిస్తున్నట్టు ఎలాన్ మస్క్ ప్రకటించారు. అవి చూడ్డానికి బాగోవన్నదే ఆయన చెప్పిన కారణం. ఇలాంటి రూల్ వచ్చినప్పుడు హ్యాష్‌ట్యాగు తీసేస్తే పని అయిపోతుంది. దాని వెనక లోతైన సూత్రం వెతకనక్కర్లేదు, ప్రచార పద్ధతి మొత్తాన్నీ తిరగరాయనక్కర్లేదు.

సినిమా పాటల దగ్గర మాత్రం పొరపాటు పడుతుంటారు. హిట్ పాటతో చేసిన రీల్ మామూలుగా బాగా తిరుగుతుంది, కానీ బూస్ట్ చేయబోతే ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకోదు. ఇది వేదిక మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి దీని వెనకున్నది హక్కుల లెక్క. జనం సరదాగా వాడుకోవడానికి తీసుకున్న లైసెన్సు వ్యాపార ప్రకటనకు వర్తించదు. పట్టుచీరల దుకాణం రీల్‌కు డబ్బు పెట్టే ఉద్దేశం ముందే ఉంటే, షూటింగ్ రోజే మెటా ఉచితంగా ఇచ్చే సంగీతంతోనో, సొంతంగా చేయించుకున్న ట్యూన్‌తోనో ఒక వెర్షన్ కట్ చేసి పెట్టుకోవాలి. తర్వాత పాట తీసేస్తే, ఆ తాళానికి కుదిర్చిన కట్స్ అన్నీ తేలిపోతాయి.

నష్టం నుంచి పుట్టిన రూల్స్

హైదరాబాద్ శివార్లలోని ప్లాట్లను అమెరికాలోని తెలుగువారికి అమ్మే ప్రకటనలు రెండో రకానికి చక్కటి పాఠం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఫలానా ప్రాంతం, ఫలానా వయసు, మగవారు అని ఎంచుకుని యాడ్ వేయడం ఒకప్పుడు నిమిషాల పని. ఇప్పుడు అలా కుదరదు. అమెరికాలో ఉన్నవారికి చూపే ఇళ్లు, ఉద్యోగాలు, రుణాల యాడ్లను మెటాలో ప్రత్యేక కేటగిరీ కింద వేయాలి. ఆ కేటగిరీలో పోస్టల్ కోడ్‌తో, వయసుతో, స్త్రీ పురుష భేదంతో ఎంచుకునే వీలు లేదు.

కారణం అమెరికా చరిత్రలో ఉంది. నల్లజాతివారికి కనిపించకుండా ఇళ్ల ప్రకటన వేసుకునే వీలు ఫేస్‌బుక్‌లో ఉందని 2016 అక్టోబరులో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఇళ్ల విషయంలో జాతి వివక్ష అక్కడ 1968 నుంచి చట్టవిరుద్ధం. పౌరహక్కుల సంఘాలు వేసిన కేసుల్లో 2019 మార్చిలో ఫేస్‌బుక్ రాజీకి వచ్చింది. 2022 జూన్‌లో అమెరికా న్యాయశాఖతో మరో ఒప్పందం కుదిరింది. ప్లాట్లు అమ్మే కంపెనీకి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. అయినా దాని యాడ్ తిరిగేది ఆ గొడవ కట్టిన గోడల మధ్యనే. దొడ్డిదారి వెతకడం కన్నా, ఎవరికి చూపాలన్న ఎంపికను యాడ్‌లోని మాటలకే అప్పగించడం మేలు. తెలుగులో మాట్లాడుతూ, ఊరి పేరు, రోడ్డు పేరు చెబుతూ మొదలయ్యే వీడియో తనకు కావలసినవారిని తానే ఆపుకుంటుంది.

అదే యాడ్‌కు ఇక్కడి చట్టం మరొకటి ఉంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ప్రకారం 500 చదరపు మీటర్లు, లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా ప్రకటించనే కూడదు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా ఉండాలి. ‘ప్రీ లాంచ్ ఆఫర్, ఈ వారమే’ అని గేటు ముందు నిలబడి చెప్పే రీల్స్‌లో ఎన్నింటిలో ఆ నంబరు కనిపిస్తుందో రాత్రి పది నిమిషాలు ఫోన్ తిప్పితే తెలిసిపోతుంది. వేదిక ఆ రీల్‌ను ఆమోదించి ఉండవచ్చు. ఆ ఆమోదం రెరా ముందు ఏ రకంగానూ అక్కరకు రాదు.

ఆరోగ్య ప్రకటనల్లోనూ ఇదే కథ. షుగర్, అధిక రక్తపోటు, ఊబకాయం వంటి 54 జబ్బులను ఫలానా మందు నయం చేస్తుందని ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ‘మీకు షుగర్ ఉందా?’ అన్నది మెటాకు నచ్చని వాక్యం. ‘షుగర్‌ను మూడు నెలల్లో తగ్గిస్తాం, మందు ఇదే’ అన్నది చట్టానికి నచ్చని వాక్యం. మొదటిది దిద్ది రెండోది వదిలేసినవారు యాడ్ ఆమోదం పొందగానే గండం గడిచిందనుకుంటారు. అసలు గండం అలాగే ఉంది.

‘ఇది ప్రకటన’ అని ఎక్కడ, ఏ భాషలో చెప్పాలి

ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా బిగుసుకున్నది ఈ ఒక్క విషయమే. 2017లో ఇన్‌స్టాగ్రామ్ పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ తెచ్చింది. ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ ఇన్‌ఫ్లుయెన్సర్ మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆస్కీ మాటకు నైతిక బలమే తప్ప జరిమానా వేసే అధికారం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చాక పరిస్థితి మారింది. తప్పుడు ప్రకటనకు రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ప్రచారం చేసినవారిని ఏడాది, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్ల వరకు ఏ ఉత్పత్తినీ ప్రచారం చేయకుండా ఆపవచ్చు. పోస్టులతోనే ఇల్లు గడిచేవారికి జరిమానా కన్నా ఈ నిషేధమే భయపడాల్సింది.

2023 జనవరి 20న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన సూచనలు డబ్బు దగ్గరే ఆగలేదు. ఉచితంగా వచ్చిన వస్తువు, డిస్కౌంటు, హోటల్ బస, విహారయాత్ర, బార్టర్ (డబ్బుకు బదులు వస్తువో సేవో పుచ్చుకోవడం), బంధుత్వం, ఉద్యోగం అన్నీ చెప్పాల్సిన సంబంధాలే. ‘నేను డబ్బు తీసుకోలేదు, బిర్యానీ పెట్టారంతే’ అన్న ఫుడ్ వ్లాగర్ సమాధానం ఇక చెల్లదు. చెప్పడం కూడా హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపి కాదు. బొమ్మ అయితే బొమ్మ మీదే రాయాలి. వీడియో అయితే కనిపించాలి, వినిపించాలి. లైవ్ అయితే ఆద్యంతం తెర మీద ఉండాలి.

ఆస్కీ దీన్ని సెకన్లలోకి దింపింది. 15 సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. 15 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు అయితే వీడియో నిడివిలో మూడో వంతు. 2 నిమిషాలు, అంతకు మించితే ఆ ఉత్పత్తి గురించి మాట్లాడినంతసేపూ. అంటే 60 సెకన్ల రీల్‌లో 20 సెకన్లు. ఎడిటింగ్ పూర్తయ్యాక ఆ 20 సెకన్లకు చోటు వెతికితే లేబుల్ ముఖం మీదో, ధర మీదో పడుతుంది. స్క్రిప్టు రాసేటప్పుడే తెర మీద ఒక మూల దానికి కేటాయిస్తే ఈ అవస్థ ఉండదు.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకంగా పట్టాల్సిన మాట భాష గురించి. లేబుల్ ప్రకటన భాషలోనే ఉండాలని కేంద్ర సూచనలు చెబుతున్నాయి. ఆస్కీ అయితే ఇంగ్లిష్‌లోగానీ ప్రకటన భాషలోగానీ ఉండవచ్చంటుంది. రీల్ అంతా అచ్చమైన గోదావరి యాసలోనో కరీంనగర్ యాసలోనో నడిపి, మూలన ఇంగ్లిష్‌లో ‘కొలాబ్’ అని ఒక్క మాట వేయడం రూల్‌ను పాటించినట్టు కనబడుతుందే తప్ప, చూసేవారికి చెప్పినట్టు కాదు. పల్లెలో ఫోన్ చూస్తున్న పెద్దామెకు ఆ మాట ఏం చెబుతుంది? ‘ఇది ప్రకటన’ అన్నవి రెండే రెండు మాటలు, అందరికీ అర్థమయ్యేవి. ‘వీళ్లు డబ్బులిచ్చి చేయించిన వీడియో ఇది’ అని నోటితో చెబితే ఇంకా మంచిది. అలా చెబితే జనం నమ్మరన్న భయం ఉంది. ఆ భయమే నిజమైతే, ఇంతకాలం అమ్ముడైంది వస్తువు కాదు, చూసేవారి తెలియనితనం.

పన్ను వైపు నుంచి చూసినా ఈ సంబంధం దాచే వీలు తగ్గిపోయింది. 2022 జులై 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షన్ వచ్చింది. వ్యాపార సంబంధంలో ఏడాదికి రూ.20 వేలు దాటిన ఉచితాలపై, వాటిని ఇచ్చినవారు 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కట్టాలి. రివ్యూకు పంపిన ఫోన్‌ను తిరిగి ఇచ్చేస్తే అది లబ్ధి కాదు, ఉంచుకుంటే లబ్ధే. పన్ను కాగితాల్లో కనిపించే బహుమతి రీల్‌లో మాత్రం కనిపించకపోతే, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే రోజు వస్తుంది.

డబ్బు సలహాల రీల్స్ చేసేవారికి దారి ఇంకా ఇరుకైంది. రిజిస్ట్రేషన్ లేకుండా షేర్ల సలహాలు ఇచ్చేవారితో బ్రోకర్ల వంటి నియంత్రిత సంస్థలు సంబంధం పెట్టుకోకుండా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 ఆగస్టులో నిబంధనలు మార్చింది. పాఠాలు చెబుతున్నామనేవారు గత మూడు నెలల షేర్ ధరలను వాడకూడదని 2025 జనవరి 29న సర్క్యులర్ ఇచ్చింది. తాజా చార్టు తెర మీద పెట్టి ‘ఇది సలహా కాదు, అవగాహన కోసమే’ అని ఒక లైను వేసే అలవాటును ఈ మూడు నెలల గీత తుడిచేసింది.

పాత పోస్టు కూడా ఈరోజు పోస్టే

పెయిడ్ పోస్టులు చేసేవారు అతి తక్కువగా ఆలోచించేది పాత పోస్టుల గురించే. పత్రికలో వేసిన ప్రకటన మర్నాటికి పాత కాగితం. రీల్ అలా కాదు. నాలుగేళ్ల కిందటి రీల్ ఈ ఉదయం ఎవరి ఫోన్‌లోనో మళ్లీ మొదలవుతుంది. బ్రాండు దాన్ని మళ్లీ బూస్ట్ చేస్తే ఈరోజు రూల్స్ ప్రకారమే తనిఖీ జరుగుతుంది. నడుస్తున్న యాడ్‌లో కొత్త ఆఫర్ ధర మార్చినా మళ్లీ రివ్యూకు వెళ్లవచ్చు. నిన్నటిదాకా బాగా నడిచిన యాడ్ ధర మార్చగానే ఆగిపోయిందని చాలామంది ఆశ్చర్యపోయేది అందుకే.

బెట్టింగ్ యాప్‌ల వ్యవహారం దీన్ని చాలా కఠినంగా నేర్పింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. అయినా యాప్‌ల ప్రచారం రీల్స్‌లో, యూట్యూబ్ వీడియోల్లో ఏళ్లపాటు సాగింది. రాష్ట్ర చట్టం నిషేధించినదాన్ని వేదిక ఆపకపోతే, చాలామంది వేదిక మాటే చట్టమనుకున్నారు. ఈ మధ్యలో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉన్నాయి. అప్పట్లో తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న వీసీ సజ్జనార్ సోషల్ మీడియాలో పట్టుదలగా ప్రచారం నడిపారు. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు పెట్టారు. మియాపూర్ కేసులో 25 మంది సినీ ప్రముఖులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల పేర్లు చేర్చారు. అదే నెల 19 నుంచి యూట్యూబ్ కూడా తన రూల్‌ను బిగించి, గూగుల్ ఆమోదం లేని జూదం సైట్ల లింకులు, లోగోలు చూపడాన్ని, నోటితో చెప్పడాన్ని నిషేధించింది. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించింది. 22న రాష్ట్రపతి సంతకంతో అది చట్టమైంది. డబ్బు ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా విధించే వీలు అందులో ఉంది.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూస్తే వేదిక రూల్ అన్నిటికన్నా ముందు రాలేదు. తెలంగాణ చట్టం ముందుంది, యూట్యూబ్ తన రూల్‌ను ఇంతగా బిగించింది ఎనిమిదేళ్ల తర్వాత. వేదిక ఆపుతోందా లేదా అన్నది మాత్రమే చూసి పోస్టు ఒప్పుకున్నవారికి ఆ ఎనిమిదేళ్లూ అంతా సవ్యంగానే కనిపించింది. ఒప్పుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకుంటుందా?’ కాదు. ‘ఈ వస్తువును మా రాష్ట్రంలో అమ్మవచ్చా, ప్రకటించవచ్చా?’ అన్నది. దానికి జవాబు దొరికాకే లేబుల్, టార్గెటింగ్ (ఎవరికి చూపాలన్న ఎంపిక), పాట వంటివి చూసుకోవాలి.

అందుకే ఒప్పంద పత్రంలో రెండు మూడు లైన్లు ఎక్కువ రాసుకోవడం అవసరం. పోస్టు ఎన్నాళ్లు ఉంటుంది, బ్రాండు దాన్ని తన యాడ్‌గా ఎప్పటివరకు వాడుకోవచ్చు, చట్టం మారితే తీసేసే హక్కు ఎవరిది, తీసేసినందుకు డబ్బు వెనక్కి అడుగుతారా. చిన్న ఊళ్లలో ఈ మాటలు వాట్సాప్‌లోనే నడుస్తాయి. కాగితం లేకపోయినా ఫర్వాలేదు, కానీ ఆ మాట మెసేజ్‌లో స్పష్టంగా ఉండాలి. ‘ఆరు నెలల తర్వాత తీసేస్తాను’ అన్న ఒక్క లైను రేపు ఎంతో కాపాడుతుంది.

ఆరు నెలలకోసారి అకౌంట్‌ను కిందికి, మొదటి పోస్టు దాకా తిప్పుకుంటూ వెళ్లడం గంటన్నర పని. లేబుల్ లేనిదానికి కనీసం క్యాప్షన్ మొదటి లైనులో ‘ఇది ప్రకటన’ అని చేర్చవచ్చు, అయితే అది బొమ్మ మీది లేబుల్‌కు సాటి కాదు. రెరా నంబరు లేని వెంచర్ రీల్, జబ్బు నయమవుతుందన్న మాట ఉన్న వీడియో, ఆడి గెలుచుకోమన్న యాప్ లింకు ఉన్న స్టోరీ హైలైట్ దిద్దితే బాగుపడేవి కావు, వాటిని తీసేయాల్సిందే. హైలైట్స్ సంగతి ముఖ్యంగా మరచిపోకూడదు. 24 గంటల్లో పోతుందన్న ధీమాతో పెట్టి, తర్వాత హైలైట్స్‌లో చేర్చిన స్టోరీలన్నీ ప్రొఫైల్‌లో ఇంకా అలాగే ఉంటాయి.